సిరి వీపు మీద ఐదు వేళ్ళు

ఆ ఆదివారం సిరిని ఎన్నిసార్లు ఎత్తానో నాకే తెలియదు. విమానం కనపడినప్పుడల్లా ఎత్తాను. "అమ్మా, ఇంకోటొస్తుంది, ఎత్తు ఎత్తు!" అని అది రెండు చేతులూ పైకి చాపేది. నేను పిండుతున్న నిమ్మచెక్కను పక్కన పడేసి, దాని చంకల కింద చేతులు పెట్టి పైకి లేపేదాన్ని. ఏడేళ్ళ పిల్ల, బరువే. నడుము పట్టేసింది. అయినా విమానం మా నెత్తి మీదుగా పోతుంటే అది పడీ పడీ నవ్వేది, ఆ నవ్వు కోసం మళ్ళీ ఎత్తేదాన్ని.

మాది నిమ్మకాయ షర్బత్ బండి. కొత్వాల్‌గూడ మలుపులో, సర్వీసు రోడ్డు పక్కన పెట్టుకుంటాం. ఎయిర్‌పోర్టులో ఎవరినో దింపి తిరిగిపోయేవాళ్ళు అక్కడ కారాపి పిల్లలకు విమానాలు చూపిస్తారు. ఎండాకాలం ఆదివారమైతే ఊపిరి సలపదు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిండడమే పని. మా ఆయన జగదీశ్ క్యాబ్ నడుపుతాడు. ఆయన ఎయిర్‌పోర్టు పార్కింగులో సవారీ కోసం కూర్చుంటే నేను రోడ్డు మీద నిలబడతాను. బడికి సెలవులు కాబట్టి సిరి నా వెంటే ఉంది.

సిరి నా కడుపున పుట్టిన పిల్ల కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక, ఎలాగూ అందరూ ముందు దాన్నే పట్టుకున్నారు. దాని తల్లి సరిత, పిల్లకు రెండేళ్ళప్పుడు కామెర్లు ముదిరి చనిపోయింది. నేను ఆ ఇంటికి వచ్చేటప్పటికి సిరికి నాలుగేళ్ళు. మొదటి వారం నన్ను ఆంటీ అంది. రెండో వారం ఏమీ అనలేదు. మూడో వారం జ్వరంలో "అమ్మా" అని మూలిగింది, నేను "ఆఁ" అన్నాను, ఇక అదే పిలుపైంది. నాకు నోరెక్కువ, కోపం ఇంకా ఎక్కువ. బుద్వేల్‌లో మా పుట్టింట్లో అందరికీ అంతే. కానీ ఆ పిల్ల మీద ఒక్కనాడు చెయ్యెత్తలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

ఆ రోజు ఎండ మామూలు ఎండ కాదు. సిరి గౌను విప్పేసి, వీపంతా బయటికి కనపడే సన్నని పట్టీల షెమ్మీతో బండి ముందు రాయి మీద నిలబడింది. నేను గొడుగు కింద ఉన్నాను, జాకెట్టు మీద మా ఆయన పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని. రోడ్డు మీద పనిచేసే ఆడవాళ్ళం చాలామంది అలాగే తొడుక్కుంటాం. ఐస్ డబ్బాలో కరిగిన నీళ్ళు మధ్యమధ్యలో దాని వీపు మీద చల్లి చేత్తో తుడిచేదాన్ని. చెయ్యి కడుక్కోవాలని తోచనే లేదు. నిమ్మకాయలు పిండే చేతికి మళ్ళీ సబ్బెందుకు? గిన్నెల జిడ్డు వదిలించేది నిమ్మకాయ, ఇత్తడి చెంబులు తళతళలాడించేది నిమ్మకాయ. నా చేతికంటే శుభ్రమైన చెయ్యి ఏ ఇంట్లోనూ ఉండదని నా ధీమా.

సోమవారం సిరి కాస్త మంటగా ఉందంది. ఎండకు అన్నాను. మంగళవారం స్నానం చేయిస్తుంటే కెవ్వుమంది. చూస్తే చంకల వెనకా, వీపు మీదా ఎర్రగా కందిపోయి ఉంది. ఒంట్లో వేడి చేసిందనుకున్నాను. చిన్నప్పుడు మాకు చెమటకాయలు లేస్తే మా అమ్మ నిమ్మచెక్కే రుద్దేది, చలవ చేస్తుందని. నేనూ అదే చేశాను. ఎర్రగా ఉన్న చోట మండుతుందని అక్కడ వదిలేసి, మెడ చుట్టూ భుజాల మీదా మెత్తగా రుద్దాను. ఇంట్లో చూసే దిక్కు లేదు కాబట్టి మళ్ళీ బండి దగ్గరికే తీసుకెళ్ళాను.

బుధవారం పొద్దున శివమ్మ వచ్చింది. సరిత తల్లి. జల్‌పల్లిలో ఒక్కతే ఉంటుంది, కొడుకు పక్క వీధిలో ఉంటాడు. మనవరాలికి మామిడిపండ్లు తెచ్చింది. పిల్లను దగ్గరికి లాక్కుని వీపు నిమిరేసరికి సిరి "అబ్బా" అంది. శివమ్మ గౌను పైకెత్తింది. రాత్రికి రాత్రే ఆ ఎరుపంతా బొబ్బలెక్కింది.

"గిదేందే రేఖా?"

"వేడి చేసిందత్తమ్మా. ఎండకు లేసినయ్."

"ఎండకు అయిదు వేళ్ళు లేస్తయా?"

అప్పుడు చూశాను నేను, సరిగ్గా చూశాను. కుడి చంక వెనక నాలుగు వేళ్ళు. ఎడమ చంక వెనక నాలుగు వేళ్ళు. వీపు మధ్యలో నిండుగా ఒక చెయ్యి, బొటనవేలితో సహా. ఎవరో చేతి అచ్చు చేయించి, నిప్పులో కాల్చి పెట్టినట్టుంది. నాకు నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడం శివమ్మ అంతవరకు ఎన్నడూ చూడలేదు, దాంతో ఆమె అనుమానం రూఢి అయింది.

పిల్లను చంకనేసుకుని దవాఖానకు బయల్దేరింది. నేను చెప్పులు కూడా లేకుండా వెనక పరుగెత్తాను. అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ సిరిని చూసి, నన్ను గుమ్మం బయట నిలబడమంది. తలుపు సందులోంచి అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"ఎవరు చేసిన్రు బిడ్డా?"

"ఎవరు చెయ్యలే. కింద పడ్డ."

"ఏడ పడ్డవ్?"

"బండి కాడ."

"కింద పడితే చెయ్యి అచ్చు పడ్తదా? జర నిజం చెప్పు, ఎవరేమనరు."

"పడ్డ," అంది సిరి. ఎన్నిసార్లు అడిగినా ఆ ఒక్క మాటే. నాకు మతిపోయింది. ఆ పిల్ల ఎక్కడా పడలేదు. పడితే బండి దగ్గరున్న నాకు తెలియదా? ఈ అబద్ధం ఎందుకు చెబుతోందో నాకు అంతుపట్టలేదు. డాక్టరమ్మకు మాత్రం బాగా అంతుపట్టింది. కాలిన గాయాలు, చేతి గుర్తు, పిల్ల భయపడి చెప్పడం లేదు అని కాగితం మీద రాసుకుంది. మందు పూసి పంపించి, ఎవరికో ఫోన్ చేసింది. శివమ్మ తనతో రమ్మన్నా సిరి నన్ను వదలక నాతోనే ఇంటికొచ్చింది.

గురువారం పిల్లల సంక్షేమం ఆఫీసు నుంచి ప్రసన్నలక్ష్మి మేడమ్ వచ్చింది. కోస్తా వైపు మనిషి, అండీ గిండీ అంటూ మెత్తగా మాట్లాడుతుంది. ఆ మెత్తదనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. అరిచేవాళ్ళ మీద తిరిగి అరవొచ్చు, ఈమెను ఏం చేయాలి? సిరిని కూర్చోబెట్టుకుని, చాక్లెట్ ఇచ్చి, ఒక్కొక్క గాయాన్నీ చూసింది. తర్వాత నిన్నటి డాక్టరమ్మ కాగితం తీసి పక్కన పెట్టుకుంది.

"రేఖ గారూ, మెడ మీద, భుజాల మీద ఈ ఎర్రటి చారలు నిన్న రాసిన దాంట్లో లేవండీ. ఇవి కొత్తవి. నిన్నటి నుంచి పాప ఎవరి దగ్గర ఉంది?"

"నా కాడనే ఉంది."

"ఇంకెవరైనా ఉన్నారా?"

లేరు. జగదీశ్ రెండు రోజులుగా సవారీల మీదే ఉన్నాడు. ఇంట్లో నేను, సిరి, నాలుగు గోడలు. ఏం చెప్పినా నా మెడకే చుట్టుకుంటోంది. "ఏమో మేడమ్, నాకెర్క లేదు, పానం మీద ఒట్టు" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినపడింది.

మేడమ్ పక్కింట్లోకి కూడా వెళ్ళింది. మా ఇంటి ఓనరు భారతమ్మ మంచి మనిషి, అబద్ధం ఆడదు. ఆడకపోవడమే నా ప్రాణం మీదికొచ్చింది. "కొట్టంగ అయితే చూడలే. నోరు మాత్రం పెద్దది. దినాం 'వాత పెడ్త, వాత పెడ్త' అని ఒర్లుతది" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవును, అంటాను. అన్నం తినకపోతే వాత పెడతా, ఎండలో తిరిగితే వాత పెడతా. ఏ తల్లి అనదు? మా అమ్మ నన్ను రోజుకు పదిసార్లు అనేది. అనడం వేరు, పెట్టడం వేరు అని మేడమ్‌కు చెప్పబోయాను. ఆమె అప్పటికే ఆ మాట కూడా రాసుకుంది.

శివమ్మను కూడా పిలిపించి, చివరికి చెప్పింది. విచారణ అయ్యేదాకా పాప అమ్మమ్మ దగ్గర ఉంటుంది. నేను కలవకూడదు, ఫోన్ చేయకూడదు. తేలకపోతే కమిటీ ముందు పెడతారు, అప్పుడు పాప ఎవరి దగ్గర పెరగాలో వాళ్ళే నిర్ణయిస్తారు. "ఇది శిక్ష కాదండీ, పాప భద్రత కోసం" అంది. శిక్ష కాదట!

సిరి పోనంది. తలుపు రెక్క పట్టుకుని "నేను కిందనే పడ్డ, అమ్మ ఏం చెయ్యలే" అని ఏడ్చింది. అది అలా ఏడ్చిన కొద్దీ మేడమ్ మొహం గట్టిపడింది. శివమ్మ దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఎత్తుకుపోయింది. నేను అడుగు ముందుకు వేయబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది.

సాయంత్రం జగదీశ్ వచ్చాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా నా ఎదురుగా కూర్చున్నాడు.

"రేఖా, ఒక్కటడుగుత, కోపం చెయ్యకు. ఎప్పుడన్న... ఒక్కపారి... యాష్టకొచ్చి..."

"ఏంది? వాత పెట్టిన్నా అంటున్నవా?"

"అడుగుతున్న. గంతే."

"మూడేండ్ల సంది చూస్తున్నవు గద నన్ను! నీకు గూడ చెప్పాల్నా?"

"మరి ఎవలు చేసిన్రు? ఇంట్ల నువ్వుంటివి. చెయ్యి అచ్చు ఉండె. జర నువ్వే చెప్పు, నేనేమనుకోవాలె?"

ఆయన మాటలో తప్పు లేదు, అదే నన్ను చంపేసింది. నేనైనా అదే అనుకునేదాన్ని. ఆయన మీద అరుద్దామని లేచి, అరవలేక మళ్ళీ కూర్చున్నాను. "సిరి తోడు, నా చెయ్యి ఆ పిల్ల ఒంటికి ఏ కీడూ చెయ్యలే" అన్నాను. ఆయన తలూపాడు. నమ్మిన తలూపు కాదది.

శుక్ర, శని, ఆది. బండి తీయలేదు. రెండు గదుల ఇల్లు, పైన రేకులు, మధ్యాహ్నమైతే కొలిమే. బయటికి వస్తే కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాటలాపేసి చూస్తారు. లోపల కూర్చుంటే దండెం మీద సిరి గౌన్లు. విమానాలు ఆగవు కదా, పది నిమిషాలకొకటి రేకులు అదరగొడుతూ పోతుంటుంది, పోయినప్పుడల్లా నా చేతులు వాటంతటవే లేవబోయేవి. అసలు నిజంగా నేనే చేశానా అని కూడా ఒక్కోసారి అనుమానం వచ్చేది. నిద్రలో నడిచి, ఏ అట్లకాడో కాల్చి... ఛీ, పాడు బుద్ధి అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అలా ఆ ఇంట్లో నాతో నేను చిక్కుకుపోయాను.

సోమవారం మేడమ్ మమ్మల్నందరినీ పట్నంలో పెద్ద దవాఖానకు రమ్మంది, చర్మం డాక్టరుకు చూపించి కాగితం తీసుకోవాలట. సిరి శివమ్మ కొంగు వెనక నిలబడి ఉంది. నన్ను చూసి కదలబోయింది, శివమ్మ భుజం పట్టి ఆపింది. బొబ్బలు ఎండిపోయి, ఆ గుర్తులు ఇప్పుడు ముదురు గోధుమ రంగులోకి తిరిగాయి. దూరం నుంచి కూడా వేళ్ళు లెక్కపెట్టొచ్చు.

డాక్టరు పేరు మల్లేశ్వర్, రిటైరయ్యే వయసు మనిషి. మేడమ్ నన్ను చెయ్యి చాపమంది. సిరి వీపు మీద, గుర్తుకు ఆనీ ఆనకుండా, నా కుడి చెయ్యి పట్టి చూపించింది. బొటనవేలు బొటనవేలి దగ్గరికి, చిటికెన వేలు చిటికెన వేలి దగ్గరికి, తేడా లేకుండా కుదిరింది. జగదీశ్ కిటికీ వైపు తిరిగిపోయాడు. అది నా చెయ్యే. ఇంకేం మిగిలింది చెప్పడానికి?

డాక్టరు మాత్రం ఎవరూ అడగనివి అడగడం మొదలుపెట్టాడు. ముందు సిరి చేతులు పైకెత్తించి చంకల్లోకి చూశాడు. వీపు మీది గుర్తు కింద సన్నగా దిగిన ఒక చారను వేలితో చూపించాడు. తర్వాత నా రెండు చేతులూ బోర్లించి, వాటి మీదున్న నల్లటి మచ్చలు చూశాడు.

"ఏం పని చేస్తవమ్మా?"

"షర్బత్ బండి సార్."

"నిమ్మకాయలు చేత్తోనే పిండుతవా?"

"చేత్తో కాక కాలుతోని పిండుతరా?" అనేశాను. బుధవారం నుంచి నన్ను అందరూ అడుగుతూనే ఉన్నారు మరి.

ఆయన నవ్వాడు. ఆ వారంలో నా మాటకు నవ్విన మొదటి మనిషి. ఆదివారం ఏం చేశావో పొద్దుటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. విమానాలు, ఎత్తడం, ఐస్ నీళ్ళు, తుడవడం. మంగళవారం మెడకు నిమ్మచెక్క రుద్దడం కూడా చెప్పాను. ఆయన మేడమ్‌ను దగ్గరికి పిలిచాడు.

"ఇక్కడ చూడండి. ఎత్తినప్పుడు అరచెయ్యి ఒత్తుకునేది చంక లోపల. వేడి చెయ్యి అయితే అక్కడే ఎక్కువ కాలాలి. అక్కడ ఏమీ లేదు. ఎండ తగిలిన చోటే కాలింది. ఇదిగో ఈ చార, రసం కారిన దారి. నిమ్మ తొక్కలో ఉండేది ఒంటి మీద పడి, దాని మీద ఎండ తగిలితే, నిప్పుతో కాల్చినట్టే కాలుతుంది. అప్పటికప్పుడు కాదు, ఒకటి రెండు రోజులకు. అందుకే ఎవరికీ తోచదు. అరచేతి చర్మం మందం కాబట్టి ఈమె అరచేతికి ఏమీ కాలేదు, చేతుల వెనక ఈ నల్లమచ్చలు మాత్రం ఇలా వచ్చినవే."

నిమ్మకాయ! మా ఇంటికి అన్నం పెట్టే నిమ్మకాయ! గుమ్మానికి కట్టుకుంటాం, అమ్మవారికి దండ వేస్తాం, జ్వరం వస్తే తాగిస్తాం. ఆయన కాకుండా వేరే ఎవరు చెప్పినా మొహం మీదే నవ్వేదాన్ని.

శివమ్మ నవ్వలేదు. "నిమ్మకాయ పిల్లను కాలుస్తదా సారూ? నా అరవై ఏండ్ల పానంల ఎన్నడినలే. పక్కా ఇదేనా?"

"నాకైతే ఇదే అనిపిస్తుందమ్మా. చూసినోణ్ణి కాదు కాబట్టి నూటికి నూరు పాళ్ళని రాయలేను. తొంభై అని రాస్త."

"ఆ పది పాళ్ళకు నా మనవరాలిని పంపాల్నా?" అంది శివమ్మ. కూతురిని పోగొట్టుకున్న మనిషి. ఆమె అడిగింది న్యాయమే. మేడమ్ కూడా కలం పట్టుకుని ఆలోచనలో పడింది.

నాకు తిక్క రేగింది. "నాకు పెట్టుండ్రి సార్! నా చెయ్యి మీద నిమ్మకాయ పిండి ఎండల పెట్టుండ్రి! కాలితే నేను చెప్పింది నిజం, కాలకపోతే పిల్లను మీరే ఉంచుకోండ్రి!"

డాక్టరు ససేమిరా అన్నాడు. మనుషుల్ని కాల్చే పని తనది కాదన్నాడు. సరే, నాకు ఆయనెందుకు? చరచరా బయటికి నడిచాను. గేటు ముందు సోడా బండి దగ్గర నాలుగు నిమ్మకాయలు తీసుకుని, తొక్కతో సహా కుడి చేతిలో నలిపాను. ఆ చేతినే నా ఎడమ ముంజేతి మీద, వేళ్ళు మోచేతి వైపు ఉండేలా పొడవునా గట్టిగా అదిమాను. మోచేతి వైపు సగం కొంగు చుట్టి, మిగిలిన సగం ఎండకు పెట్టి, దవాఖాన మెట్ల మీద కూర్చున్నాను. మిట్ట మధ్యాహ్నం. మేడమ్ "వద్దండీ, రేఖ గారూ, ఇలా చేయకూడదండీ" అంటూనే ఉంది. శివమ్మ మాత్రం సిరిని జగదీశ్ దగ్గర నిలబెట్టి, నా ఎదురుగా వేపచెట్టు నీడలో చతికిలబడింది.

"కూసో. నేను గూడ చూస్త."

గంట కూర్చున్నాను. ఆమె నా చేతి మీంచి చూపు తిప్పలేదు. లేచేటప్పుడు ఇంకో మాట అంది.

"ఇంటికి పోయి అట్లకాడతోని నువ్వే వాత పెట్టుకుంటే నాకెట్ల తెలుస్తది? రెండొద్దులు నా కండ్ల ముందలనే ఉండాలె."

మేడమ్ పాపను మేనమామ ఇంట్లో ఉంచి, నేను శివమ్మ ఇంట్లో ఉండేటట్టు ఒప్పుకుంది.

అలా జల్‌పల్లిలో ఒక్క గది ఇంట్లో శివమ్మా నేనూ. గోడ మీద సరిత ఫోటో. పొయ్యి దగ్గరికి నన్ను పోనివ్వదు, అగ్గిపెట్టె తన రొండిన దోపుకుంది. నేను బాత్రూముకు వెళ్తే తలుపు బయట నిలబడుతుంది. అన్నం తనే వడ్డించి, తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది. మేనమామ ఇల్లు పక్క వీధే, సిరి గొంతు అప్పుడప్పుడు గోడల మీంచి వినపడేది. పిలవడానికి లేదు. రోజంతా నా చేతిని నేనే చూసుకుంటూ కూర్చున్నాను. ఎవరైనా ఒళ్ళు కాలొద్దని మొక్కుకుంటారు. నేను కాలాలని మొక్కాను. తల్లీ, కాలనియ్యి, బొబ్బలెక్కనియ్యి, తోలు ఊడిపోయినా సరే అని.

మంగళవారం పొద్దున ఏమీ లేదు. మధ్యాహ్నం ఏమీ లేదు. చెయ్యి నున్నగా, ఎప్పటిలాగే ఉంది. శివమ్మ గంటకోసారి పట్టుకుని చూసి వదిలేస్తోంది, ఏమీ అనడం లేదు. సాయంత్రానికి నా ధైర్యం పూర్తిగా జారిపోయింది. ఆ పది పాళ్ళే నిజమేమో. సిరి ఇక ఈ గల్లీలోనే పెరుగుతుందేమో, నేను రోడ్డు మీద కారుల్లో వచ్చే ఎవరెవరి పిల్లలకో షర్బత్ ఇస్తూ బతకాలేమో. గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాను. శివమ్మ చూస్తూ ఊరుకుంది.

బుధవారం పొద్దున చెయ్యి మంటకే మెలకువ వచ్చింది. లేచి చూసుకోకముందే శివమ్మ నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నా ముంజేతి మీద నాలుగు వేళ్ళు, ఎర్రగా, ఉబ్బి, అక్కడక్కడ నీటి బొబ్బలతో. కొంగు చుట్టిన సగంలో ఏమీ లేదు, వేళ్ళు కోసేసినట్టు అక్కడికి ఆగిపోయాయి.

శివమ్మ చాలాసేపు చూసింది. రొండినున్న అగ్గిపెట్టె తీసి పొయ్యి పక్కన పెట్టింది.

"తప్పాయె బిడ్డా," అంది. "మా సరితకైతే జబ్బు ముదిరేదాంక నేను కండ్లు తెర్వలే. ఈ పిల్లకన్న ముందే చూడాలనుకున్న. నీ మీద పడ్డ."

నేను ఆమె మీద పడి తిట్టాలని వారం రోజులుగా మాటలు కూడబెట్టుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. "మంచిగనే చూసినవ్ అత్తమ్మా, గట్లనే చూడాలె" అన్నాను. నిజంగానే అన్నాను. ఆమె నా చెయ్యి ఫోటో తీయించి మేడమ్‌కు పంపింది. మేడమ్ డాక్టరుకు చూపించి, గంటలో ఫోన్ చేసింది. కాగితాలు తను రాసుకుంటానంది, పాపను తీసుకుపోవచ్చంది. జగదీశ్‌కు చెబితే ఫోన్‌లోనే ఏడ్చాడు. బయల్దేరానన్నాడు.

శివమ్మ వెళ్ళి సిరిని తీసుకొచ్చింది. సిరి గుమ్మంలోనే ఆగిపోయింది, నా చెయ్యి వైపు చూస్తూ.

"అమ్మా, నీకెవరు పెట్టిన్రు?"

"ఎవరు పెట్టలే. నిమ్మకాయ బిడ్డా. నీకు గూడ గదే. నేను నిమ్మకాయల చేతులతోని నిన్ను ఎత్తుకుంటి గద, ఎండకు గట్లయింది. ఎవ్వరు కాల్చలే."

దానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. నా వేళ్ళ గుర్తు చూసింది, మెడ తిప్పి తన భుజం చూసుకుంది.

"మరి అందరికి కింద పడ్డ అని ఎందుకు చెప్పినవే? నువ్వు పడలేవు గద," అన్నాను. వారం రోజులుగా నన్ను తొలిచేసిన మాట అది.

సిరి తల దించుకుంది. కాలి బొటనవేలితో గచ్చు మీద గీసింది.

"నువ్వే పెట్టినవనుకున్న. నేను పండుకున్నప్పుడు."

శివమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది.

"నేను పెట్టిననుకుంటే... గట్లనే చెప్పాలె గద బిడ్డా. మేడమ్ అడిగింది గద."

"చెప్తే నిన్ను తీస్కపోతరు," అంది సిరి. "బొబ్బలు తగ్గుతయ్ గద. నువ్వు పోతే మళ్ళ రావు గద."

నాకు ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. ఒళ్ళంతా కాలినంత సిగ్గు. మూడేళ్ళు నా చేతి అన్నం తిని, నా పక్కలో పడుకున్న పిల్ల, నేను కాల్చగలనని నమ్మింది. నమ్మి కూడా నా పక్కలోనే పడుకుంది. డాక్టరు నన్ను వదిలేశాడు, మేడమ్ వదిలేసింది, శివమ్మ తప్పు ఒప్పుకుంది. నేను మాత్రం ఆ గుమ్మం ముందు ఏడేళ్ళ పిల్ల కళ్ళలోకి చూడలేక నిలబడ్డాను.

"ఎత్తవా?" అంది సిరి, చేతులు పైకి చాపి.